మేకల పక్షాన ఆడే ఆట: ‘ఇన్‌టు ది బ్రీచ్’ సమీక్ష

ఎనిమిది గళ్లు అడ్డం, ఎనిమిది గళ్లు నిలువు. ఆ 64 గళ్ల నేల మీద నా చేతిలో ఉండేవి మూడు యంత్రాలు, నిలదొక్కుకోవలసినవి నాలుగైదు వంతులు. ‘ఇన్‌టు ది బ్రీచ్’లో దాదాపు ఏ పోరాటమైనా ఈ కొలతకు మించదు. అయినా నేను ఇన్నేళ్లుగా ఆడిన వంతులవారీ వ్యూహక్రీడలన్నింటిలో నన్ను ఇంత లోతుగా ఆలోచింపజేసినది మరొకటి లేదు. ఒక్క వంతు కోసం పది నిమిషాలు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు, మౌస్ ముట్టుకోకుండా తెర వైపు చూస్తూ కూర్చున్న రాత్రులు చాలానే ఉన్నాయి. అలా కూర్చున్నంత సేపూ విసుగు అనే మాట గుర్తుకు రాలేదు.

వేగంగా బటన్లు నొక్కవలసిన ఆటల మీద నాకు చిన్నచూపు లేదు గానీ, నా మనసు మాత్రం ఎప్పుడూ వంతులవారీ ఆటల వైపే మొగ్గింది. ఎదుటివాడు తన ఎత్తు వేసి ఆగుతాడు, ఆ తర్వాతి సమయమంతా మనది. మధ్యలో లేచి పొయ్యి మీద పాలు దింపి వచ్చినా, ఫోను మాట్లాడి వచ్చినా, శత్రువు ఉన్నచోటే ఉంటాడు. ఆ ఆగిన క్షణంలో నేల మొత్తాన్ని కంటితో కొలిచి, ఏది కదిపితే ఏది కదులుతుందో మనసులో ఆడి చూసుకుని, ఆ తర్వాతే చెయ్యి కదపడంలో ఒక తృప్తి ఉంటుంది. చదరంగం ఆడేవారికి ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. అయితే ఈ జాతి వీడియో గేములు అన్నీ ఆ తృప్తిని ఒకే తీరుగా ఇవ్వవు. ‘ఇన్‌టు ది బ్రీచ్’ ఇచ్చే తీరు వేరు, దాని గురించే ఇక్కడ వివరంగా రాయాలనుకుంటున్నాను.

ఈ ఆటను తయారుచేసినది సబ్‌సెట్ గేమ్స్. జస్టిన్ మా, మాథ్యూ డేవిస్ అనే ఇద్దరు డెవలపర్లు పెట్టుకున్న చిన్న సంస్థ అది. 2012లో వారు విడుదల చేసిన ‘ఎఫ్‌టీఎల్: ఫాస్టర్ దాన్ లైట్’ అనే అంతరిక్ష నౌక ఆటతో వారి పేరు గేమర్లందరికీ తెలిసింది. ఆ తర్వాత చాలాకాలం నిశ్శబ్దంగా పనిచేసి, 2018 ఫిబ్రవరిలో విండోస్ కోసం ‘ఇన్‌టు ది బ్రీచ్’ను తెచ్చారు. అదే ఏడాది ఆగస్టులో నింటెండో స్విచ్ అనే చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ పరికరానికి వచ్చింది. ఆ సంవత్సరపు గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ వ్యూహక్రీడగా నిలిచింది, మరుసటి ఏడాది బ్రిటన్‌కు చెందిన బాఫ్టా పురస్కారాల్లో ఒరిజినల్ ప్రాపర్టీ విభాగంలోనూ గెలిచింది. పెద్ద పెద్ద సంస్థలు వందలాది మందితో తీసిన ఆటల మధ్య ఇద్దరు ముగ్గురు కూర్చుని చెక్కిన ఈ చిన్న ఆట అలా నిలబడిందంటే, దాని బలం బొమ్మల్లో కాక నియమాల అల్లికలో ఉంది.

కథ చిన్నది. సముద్ర మట్టం పెరిగి నేల మునిగిపోగా మిగిలిన నాలుగు దీవుల్లో మనుషులు బతుకుతుంటారు. ఒక్కో దీవిని ఒక్కో కార్పొరేషన్ ఏలుతుంటుంది. భూమి లోపలి నుంచి వెక్ అనే రాకాసి పురుగులు పైకి పొడుచుకువచ్చి నగరాలను కూల్చుతుంటాయి. భవిష్యత్తు నుంచి కాలంలో వెనక్కి వచ్చిన ముగ్గురు పైలట్లు, మెక్ అని పిలిచే మూడు భారీ యంత్రాలను నడుపుతూ వాటిని ఎదుర్కొంటారు. ఓడిపోతే ఆ కాలరేఖ అక్కడితో ముగుస్తుంది. ఒక్క పైలట్‌ను మాత్రం మరో కాలరేఖకు పంపి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాం.

ఈ ఆటకు ప్రాణం ఎక్కడుందంటే, వంతు నడిచే క్రమంలో ఉంది. ముందుగా వెక్‌లు కదులుతాయి. కదిలి వెంటనే కొట్టవు. ఎవరిని కొట్టబోతున్నాయో, ఎంత దెబ్బ తగలబోతోందో తెర మీద బాణపు గుర్తులతో, అంకెలతో చూపించి ఆగుతాయి. అప్పుడు మన వంతు. మూడు యంత్రాలూ ఒక్కోసారి కదిలి ఒక్కో పని చేయవచ్చు. అది ముగిశాక వెక్‌లు తాము చూపించిన దెబ్బలు వేస్తాయి. ఇక్కడే ఒక ముఖ్యమైన సూత్రం ఉంది: మనం ఒక పురుగును ఒక గడి పక్కకు నెడితే, అది పెట్టిన గురి కూడా ఒక గడి పక్కకు జరుగుతుంది. భవనం మీద పడవలసిన దెబ్బ ఖాళీ నేల మీద పడవచ్చు, కొండకు తగలవచ్చు, లేదా దాని తోటి పురుగుకే తగలవచ్చు. కొత్త పురుగులు ఏ గడిలోంచి పైకి రాబోతున్నాయో కూడా ఒక వంతు ముందే నేల కంపించి చెబుతుంది. ఆ గడి మీద ఏదైనా నిలబడితే, దానికి ఒక దెబ్బ తగులుతుంది గానీ, కింది పురుగు ఆ వంతుకు బయటకు రాలేదు.

అంటే మనకు తెలియనిది దాదాపు ఏమీ లేదు. శత్రువు ఎటు వెళ్తాడో, ఎవరిని ఎంచుకుంటాడో ప్రతి వంతులో మారుతుంది, నిజమే. కానీ మనం చెయ్యి కదిపే వేళకు అదంతా కళ్ల ముందు పరచి ఉంటుంది. పోరాటంలో అదృష్టానికి మిగిలిన ఏకైక మూల గ్రిడ్ రక్షణ అనే అంకె. భవనం మీద దెబ్బ పడినప్పుడు అది తట్టుకుని నిలిచే అవకాశం మొదట 15 శాతం ఉంటుంది. నేను ఆ 15 శాతాన్ని ఎన్నడూ లెక్కలోకి తీసుకోను. తగిలితే వరం అనుకుంటాను, అంతే.

ఈ జాతి ఆటల్లో అందరికీ బాగా తెలిసిన ‘ఎక్స్‌కామ్’తో పోల్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. ఫిరాక్సిస్ సంస్థ 2012లో కొత్తగా మలిచి తెచ్చిన ‘ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్’లో సైనికుడు తుపాకీ ఎత్తగానే గురి తప్పకుండా తగిలే అవకాశం ఎంత శాతమో కనిపిస్తుంది. 65 శాతం, 80 శాతం, 95 శాతం. నేను ఆ ఆటను ఎంతో ఇష్టంగా ఆడాను, ఇప్పటికీ ఆడతాను. గోడ చాటు ఎంత, ఎత్తు ఎంత, పక్క నుంచి కొడుతున్నామా, ఎదుట నుంచి కొడుతున్నామా అని కొలుచుకుని, చెడు జరిగితే ఏం చేయాలో ముందే సిద్ధం చేసుకోవడం దాని అందం. 95 శాతం గురి కూడా తప్పినప్పుడు, పేరు పెట్టి పెంచుకున్న సైనికుడు నేలకొరిగినప్పుడు కలిగే బాధ ఆ ఆట కావాలని ఇచ్చే అనుభవం. యుద్ధం అంటే అంతా మన చేతిలో ఉండదని చెప్పడం దాని ఉద్దేశం. కానీ ఓడిపోయిన రాత్రి నిద్రపట్టక పడుకుని, తప్పు నాదా, పాచికదా అని తర్కించుకుంటే, సమాధానం తేలదు. సగం నాది, సగం పాచికది. ‘ఇన్‌టు ది బ్రీచ్’లో ఆ సందేహానికి చోటు లేదు.

మరో వైపు 1991లో మొదలైన ‘సివిలైజేషన్’ వరస ఉంది. అందులో వందల వంతులు. రాతియుగంలో ఎక్కడ ఊరు కట్టామన్నది అంతరిక్ష యుగం దాకా వెంటాడుతుంది. ఆ విస్తారం నాకు నచ్చుతుంది గానీ, ఓటమికి దారితీసిన నిర్ణయం నాలుగు రోజుల కిందటిదై ఉంటుంది, అప్పటికి దాన్ని మరచిపోయి ఉంటాం. ఇక్కడ నిర్ణయానికీ ఫలితానికీ మధ్య ఉండేది అరనిమిషం.

ఒక వంతును దగ్గరగా చూపిస్తేనే గానీ నేను చెప్పేది పూర్తిగా అర్థం కాదు. ఆర్కైవ్ అనే మొదటి దీవి, పచ్చిక నేల, ఒక అంచున నీళ్లు. నా దగ్గర ఉన్నవి ఆట మొదట్లోనే ఇచ్చే రిఫ్ట్ వాకర్స్ దళంలోని మూడు యంత్రాలు. కాంబాట్ మెక్ పిడికిలితో గుద్దితే రెండు పాయింట్ల దెబ్బ, పైగా ఎదుటిది ఒక గడి వెనక్కి పోతుంది. కానన్ మెక్ దూరం నుంచి కాల్చి ఒక పాయింటు దెబ్బతో నెడుతుంది. ఆర్టిలరీ మెక్ గుండును గాలిలోకి విసిరి ఒక గడి మీద వేస్తుంది. ఆ గడికి దెబ్బ తగులుతుంది, దాని చుట్టూ ఉన్న నాలుగు గళ్లలో ఏమున్నా బయటికి నెట్టబడుతుంది. అవతల నాలుగు పురుగులు. ఫైర్‌ఫ్లై ఒక భవనానికి గురిపెట్టింది. దానికి రెండు గళ్ల అవతల, అదే వరసలో, స్కారబ్ దూరంగా ఉన్న మరో భవనం మీదికి గుండు విసరబోతోంది. హార్నెట్ ఎగురుతూ వచ్చి మూడో భవనం పక్కన ముల్లు ఎత్తి నిలుచుంది. నాలుగోది స్కార్పియన్, నా కాంబాట్ మెక్‌ను జిగురు దారాలతో చుట్టి కదలకుండా పట్టేసింది. భవనానికి దెబ్బ తగిలినప్పుడల్లా ఒక గడి తగ్గే పవర్ గ్రిడ్ అనే కొలమానంలో మిగిలినవి రెండే గళ్లు. మూడు భవనాలకూ దెబ్బ తగిలితే కాలరేఖ ముగిసినట్టే.

నాలుగు గండాలు, మూడు పనులు. మొదట చూసినప్పుడు లెక్క కుదరదు. ఫైర్‌ఫ్లైని కానన్‌తో కొడితే స్కారబ్ మిగులుతుంది. స్కారబ్‌ను కొడితే హార్నెట్ మిగులుతుంది. కాంబాట్ మెక్ గుద్దితే హార్నెట్ చచ్చిపోతుంది, దానికి ఉన్నవి రెండు పాయింట్లే. కానీ చేరడానికి కాళ్లు కట్టేసి ఉన్నాయి. చాలాసేపు పురుగుల వైపే చూస్తూ ఉండిపోయాను. తర్వాత తోచింది, పురుగుల మీద కాదు, వాటి మధ్య ఉన్న ఖాళీ గడి మీద గుండు వేయాలి. ఆర్టిలరీ గుండు ఫైర్‌ఫ్లైకీ స్కారబ్‌కూ మధ్య పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు, కానీ రెండూ చెరో వైపు ఒక గడి జరిగాయి. ఫైర్‌ఫ్లై గురి ఇప్పుడు కొండ మీదికి, స్కారబ్ గుండు ఖాళీ పచ్చిక మీదికి. ఒక్క పనితో రెండు గండాలు తప్పాయి. కానన్ మెక్ స్కార్పియన్‌ను కాల్చి నీళ్లలోకి నెట్టింది. అది మునిగిపోయింది, దానితో జిగురు దారాలూ తెగిపోయాయి. కాళ్లు విడివడిన కాంబాట్ మెక్ మూడు గళ్లు నడిచి హార్నెట్‌ను గుద్దింది. వంతు ముగిసింది. ఒక్క ఇల్లు కూలలేదు. నేను కుర్చీలోంచి లేచి, గదిలో ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచి వచ్చి మళ్లీ కూర్చున్నాను.

ఆ రాత్రి నాకు గుర్తుకు వచ్చినది మరే వీడియో గేమూ కాదు, పులిజూదం. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో తాతయ్య అరుగు మీద సుద్దముక్కతో గీతలు గీసి, మూడు పులులకు మూడు గులకరాళ్లు, పదిహేను మేకలకు పదిహేను చింతపిక్కలు పెట్టి ఆడించేవాడు. పిల్లలం అందరం పులులే కావాలనేవాళ్లం. పులి దూకుతుంది, మేకను తింటుంది, చూడడానికి బాగుంటుంది. తాతయ్య మాత్రం నా చేతిలో చింతపిక్కలు పోసి, “మేకలతో గెలవడం నేర్చుకో, పులులతో ఎవరైనా ఆడతారు” అనేవాడు. మేక ఎవరినీ చంపలేదు. దాని పని నిలబడడం, దారి మూయడం, పక్కదానికి ఆసరా కావడం. పులి దూకడానికి అవతల ఖాళీ లేకుండా చేస్తే చాలు, పులి ఉన్నచోటే బిగుసుకుపోతుంది. పలక మీద అంతా కనిపిస్తూనే ఉంటుంది. దాచిన ముక్క లేదు, వేసే పాచిక లేదు.

‘ఇన్‌టు ది బ్రీచ్’ నూటికి నూరుపాళ్లు మేకల పక్షాన ఆడే ఆట. మొదట్లో ఇది నాకు తెలియక, భారీ యంత్రాలు చేతిలో ఉన్నాయి కదా అని పురుగులను చంపడమే పనిగా పెట్టుకుని ఆడి, రెండో దీవి దాటకుండానే వరసగా ఓడిపోయాను. ఇక్కడ చంపడం ఒక మార్గం మాత్రమే, గమ్యం కాదు. చాలా పోరాటాల్లో చెప్పిన వంతులు గడిచేదాకా నిలబడితే చాలు, మిగిలిన పురుగులు వాటంతట అవే నేలలోకి వెళ్లిపోతాయి. యంత్రానికి తగిలిన గాయం పోరాటం ముగియగానే మానిపోతుంది. భవనానికి తగిలిన దెబ్బ మానదు. గరిష్ఠంగా ఏడు గళ్లుండే పవర్ గ్రిడ్‌లోంచి ఒక గడి పోతుంది, అది సున్నాకు చేరిన క్షణాన అంతా ముగుస్తుంది. కాబట్టి గుండుకూ ఇంటికీ మధ్య నా యంత్రాన్నే అడ్డు పెట్టడం, పురుగు పైకి వచ్చే గడి మీద కావాలనే నిలబడి ఆ దెబ్బ తినడం, ఇవన్నీ ఓటమి గుర్తులు కావు, మంచి ఆటకు గుర్తులు. యంత్రం పూర్తిగా దెబ్బతింటే లోపలి పైలట్ చనిపోతాడు, అది నిజంగా పెద్ద నష్టం. అయినా ఇంట్లో ఉన్నవారి కోసం ఆ నష్టానికి కూడా సిద్ధపడవలసిన వంతులు వస్తాయి. యుద్ధం పేరుతో వచ్చే ఇన్ని ఆటల్లో, ఈ వంతులో ఎవరిని కాపాడగలను అన్న ప్రశ్నను ఇంత నిక్కచ్చిగా అడిగే ఆట నాకు మరొకటి కనిపించలేదు.

అన్నీ కనిపించే ఆటలో తప్పు జరిగితే దాన్ని మోయడానికి మన భుజాలే మిగులుతాయి. నాకు బాగా నొప్పి కలిగించిన ఓటమి ఒకటి చెబుతాను. నాలుగో దీవి, ఆమ్లపు మడుగులూ కన్వేయర్ బెల్టులూ ఉండే డెట్రిటస్. గ్రిడ్‌లో ఒకే గడి మిగిలింది. అప్పటికే గాయపడి ఒక్క పాయింటు మీద ఉన్న స్కారబ్‌ను ఫైర్‌ఫ్లై గురి గీతలోకి నెట్టాను. జరిగిన స్కారబ్ గుండు మరో భవనం మీదికే వెళ్తుందని చూశాను. అయితే గుండు విసిరేలోగా ఫైర్‌ఫ్లై దెబ్బకు అది చచ్చిపోతుంది కదా అనుకుని వంతు ముగించాను. దెబ్బలు పడే వరస ఏమిటో చూడలేదు. ఒక మీట నొక్కి పట్టుకుంటే ఏ పురుగు మొదట కొడుతుందో, ఏది తర్వాత కొడుతుందో అంకెలు కనిపిస్తాయి. స్కారబ్ ముందు, ఫైర్‌ఫ్లై తర్వాత. గుండు గాలిలోకి లేచిన క్షణంలోనే నాకు అర్థమైంది. పోరాటానికి ఒక్కసారి మాత్రమే వంతును వెనక్కి తిప్పుకునే అవకాశం ఉంటుంది, దాన్ని రెండు వంతుల ముందే వాడేసుకున్నాను. ఇల్లు కూలింది, గ్రిడ్ ఆరింది. కాల్చిన తర్వాత కూడా మళ్లీ కదలగలిగే ఆర్కిమిడీస్ అనే పైలట్‌ను తర్వాతి కాలరేఖకు పంపించి, కంప్యూటర్ కట్టేశాను. ఆ రాత్రి నిద్రపట్టింది. తప్పు ఎక్కడుందో వెంటనే తెలిసిపోయింది కాబట్టి మనసులో తర్కించుకోవలసినది ఏమీ మిగలలేదు. అప్పటి నుంచి ఆ మీట నొక్కకుండా ఏ వంతునూ ముగించలేదు.

ఆటను ఏళ్ల తరబడి నిలబెట్టేవి దళాలు. మొదట ఎనిమిది ప్రధాన దళాలు ఉండేవి; ఒక్కోదానికి ఉన్న మూడు సవాళ్లను పూర్తి చేస్తే వచ్చే నాణేలతో కొత్తవి తెరుచుకుంటాయి. ఇవి బలం పెరిగిన యంత్రాలు కావు, ఆలోచనను వేరే దారిలో నడిపించే యంత్రాలు. స్టీల్ జుడోకా దళం దాదాపుగా స్వయంగా కొట్టదు. ఒకటి పురుగును ఎత్తి తన వెనక్కి విసురుతుంది, మరొకటి దూరాన ఉన్నదాన్ని తన వైపు లాగుతుంది. పురుగులు ఒకదాన్నొకటి కొట్టుకునేలా అమర్చడమే మన పని. బ్లిట్జ్‌క్రీగ్ దళపు మెరుపు, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న పురుగులన్నింటి గుండా పాకిపోతుంది, మధ్యలో మన యంత్రం ఉంటే దాన్నీ వదలదు.

నాకు ప్రాణమైనది మాత్రం ఫ్రోజెన్ టైటన్స్. ఇందులో ఐస్ మెక్ దేన్ని కాల్చినా అది గడ్డకడుతుంది, కాల్చినందుకు తానూ గడ్డకట్టుకుపోతుంది. మొదటి రెండు రోజులు ఇదెంత పనికిమాలిన యంత్రం అనుకున్నాను. ఆ తర్వాత ఒక వంతులో, ఏ పురుగునూ ఆపలేని స్థితిలో, దాంతో భవనాన్నే కాల్చాను. గడ్డకట్టిన దేనికైనా మొదటి దెబ్బ మంచుకే తగులుతుంది, లోపల ఉన్నది భద్రం. పురుగు కొట్టింది, మంచు పగిలింది, ఇల్లు నిలిచింది. శత్రువు మీదికి ఎత్తిన ఆయుధాన్ని సొంత ఇంటి మీద ప్రయోగించి ఆ ఇంటిని కాపాడుకోవచ్చని ఏ పాఠమూ చెప్పలేదు. నియమం తెలుసు, మిగతాది నేనే చేరుకున్నాను. అదే దళంలోని ఏజిస్ మెక్ డాలుతో కొడితే పురుగు గురి వెనక్కి తిరిగిపోతుంది. దాని వెనక మరో పురుగు ఉంటే ఇక చెప్పేదేముంది.

నేల కూడా ఊరికే పడి ఉండదు. అడవి గడికి దెబ్బ తగిలితే అంటుకుంటుంది, ఇసుక గడికి తగిలితే పొగ లేస్తుంది, పొగలో ఉన్నవి దాడి చేయలేవు. మంచు మొదటి దెబ్బకు బీటలు వారి, రెండో దెబ్బకు నీరవుతుంది. పోరాటాల్లో అదనంగా ఒకటి రెండు పనులు అప్పగిస్తారు. రైలును కాపాడమని, ఆనకట్టను బద్దలుకొట్టమని, ఫలానా పురుగును చంపవద్దని. అవి నెరవేరిస్తే వచ్చే పేరుప్రతిష్ఠల పాయింట్లతో దీవి చివర ఆయుధాలో, యంత్రాల శక్తిని పెంచే రియాక్టర్ కోర్‌లో, గ్రిడ్ గళ్లో కొనుక్కోవచ్చు. రెండు దీవులు పూర్తి కాగానే చివరి పోరాటానికి వెళ్లిపోవచ్చు, లేదా మూడో నాలుగో దాకా ఆగవచ్చు. ఆగిన కొద్దీ మనమూ బలపడతాం, అవతల పురుగులూ పెరుగుతాయి. నేను సాధారణంగా మూడు దగ్గర ఆగుతాను.

లోపాలు లేవని అనను. అన్నింటికన్నా పెద్దది నేను ఓడిపోయిన చోటే ఉంది. ప్రతి విషయాన్నీ తెర మీద పరచి చూపించే ఆట, దెబ్బల వరసను మాత్రం ఒక మీట వెనక ఉంచింది. తప్పు నాదేనని ఒప్పుకుంటూనే, ఆ అంకెలు ఎప్పుడూ కనబడేలా పెట్టి ఉండవలసిందని నా గట్టి అభిప్రాయం. చివరి పోరాటం ప్రతిసారీ అదే అగ్నిపర్వతపు గుహలో జరుగుతుంది; పదోసారి అక్కడికి చేరినప్పుడు మొదటిసారి ఉన్న ఉద్విగ్నత ఉండదు. కథ కోసం ఆడేవారికి ఇది చాలదు. దీవుల అధిపతులు, పైలట్లు పలికే మాటలు క్లుప్తంగా, చక్కగా రాసినవే గానీ, కొంతకాలానికి అవే మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. అంగడిలో ఏ ఆయుధాలు దొరుకుతాయన్నది మన చేతిలో లేదు కాబట్టి, దళానికి ఏమాత్రం పొసగనివి వరసగా ఎదురయ్యే రోజులూ ఉంటాయి. అక్షరాలు చిన్నవి, స్విచ్ చేతిలో పట్టుకుని ఆడినప్పుడు కళ్లు చిట్లించవలసి వచ్చింది. తెలుగులో లేదు, ఆంగ్లం కొంతైనా చదవగలిగితేనే ఆయుధాల వివరాలు తెలుస్తాయి. అయితే ఒకసారి గుర్తులు అలవాటైతే చదవవలసినది చాలా తక్కువ. పదేళ్ల మా మేనల్లుడు నా పక్కన కూర్చుని రెండు సాయంత్రాల్లో బాణపు గుర్తులన్నీ పట్టేసి, “మామయ్యా, దాన్ని నీళ్లలోకి తోసెయ్యి, ఇటు కాదు, అటు నుంచి” అని నాకే దారి చూపించాడు.

కొన్ని వంతులకు పూర్తి పరిష్కారం ఉండదని కూడా చెప్పాలి. ఏం చేసినా ఒక ఇల్లు పోతుంది. ఏ ఇల్లు అన్నది మాత్రమే మన చేతిలో ఉంటుంది. దీన్ని లోపంగా చెప్పేవారు ఉన్నారు, నాకు అలా అనిపించదు. అక్కడికి వచ్చింది కూడా రెండు మూడు వంతుల కిందట నేను వదిలేసిన పురుగు వల్లే అని వెనక్కి తిరిగి చూస్తే దాదాపు ప్రతిసారీ తెలుస్తుంది.

2022 జులైలో అడ్వాన్స్‌డ్ ఎడిషన్ వచ్చింది. అప్పటికే ఆట కొన్నవారికి దాన్ని ఉచితంగా ఇచ్చారు. ఐదు కొత్త దళాలు, కొత్త పైలట్లు, ఆయుధాలు, కొత్త రకం పురుగులు, అన్నింటికీ మించి ‘అన్‌ఫెయిర్’ అనే కఠిన స్థాయి అందులో ఉన్నాయి. కొత్త సరుకు వద్దనుకుంటే పక్కన పెట్టి పాత ఆటనే ఆడుకునే వీలు కూడా ఉంచారు. కొత్తగా మొదలుపెట్టేవారు మొదటి నెల ఆ పాత ఆటతోనే గడపడం మంచిదని నా సలహా, ఎందుకంటే మొదటి ఎనిమిది దళాల్లోని నియమాలు ఒంటబట్టకుండా కొత్తవాటిని చూస్తే గందరగోళంగా ఉంటుంది. అదే సమయంలో నెట్‌ఫ్లిక్స్ ద్వారా మొబైల్‌కూ వచ్చింది. నేను ఎక్కువగా ఆడినది మాత్రం కంప్యూటర్ మీదే. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు, ఆఫీసు పనికి వాడి పక్కన పెట్టిన పాత ల్యాప్‌టాప్ మీద సాఫీగా నడిచింది. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ అంగడిలో దీని అసలు ధర 14.99 డాలర్లు, పండుగ అమ్మకాల్లో తరచూ తగ్గుతుంది. నేను పూర్తి ధర పెట్టి కొన్నాను, గంటల లెక్కన చూసుకుంటే నా దగ్గరున్న ఆటలన్నింటిలో చవకైనది ఇదే. బెన్ ప్రంటీ సమకూర్చిన సంగీతం గంటల తరబడి ఆలోచిస్తూ కూర్చునేవారి చెవికి ఇబ్బంది కలిగించకుండా, వెనక నుంచి నెమ్మదిగా వినిపిస్తూ ఉంటుంది.

వంతులవారీ ఆటలు అసలు ఆడనివారు ‘ఈజీ’లో మొదలుపెట్టి, రిఫ్ట్ వాకర్స్ దళాన్ని కనీసం మూడు కాలరేఖల పాటు మార్చకుండా ఆడాలి. ‘ఎక్స్‌కామ్’ బాగా ఆడినవారు ‘నార్మల్’తో మొదలుపెట్టవచ్చు, అయితే చంపాలనే అలవాటును కొంత పక్కన పెట్టుకుని రావాలి. నేను ప్రస్తుతం కొత్త దళాల్లోని బాంబర్‌మెక్స్‌తో ‘హార్డ్’ స్థాయిలో మూడో దీవి మీద ఉన్నాను. గ్రిడ్‌లో నాలుగు గళ్లున్నాయి, ఆర్కిమిడీస్ ఇంకా బతికే ఉన్నాడు, ఈ వంతులో ఐదు పురుగులు గురిపెట్టి ఆగి ఉన్నాయి. నిన్న రాత్రి అరగంట చూసి, ఏమీ తోచక అలాగే వదిలి పడుకున్నాను. పొద్దున పళ్లు తోముకుంటుండగా, ఎడమ అంచున ఉన్న కొండ పక్కన ఒక ఖాళీ గడి ఉందని గుర్తుకు వచ్చింది.